మూడు సెకన్ల మౌనం

విద్యాశాస్త్రంలో పరిశోధన ప్రధానమైన మాస్టర్స్ డిగ్రీ కోసం రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ఈ ఉదయం సమర్పించాను. పదేళ్లు పాఠాలు చెప్పాక చేరినందువల్ల, తరగతి గది గురించి నాకు తెలియనిదేముంటుందని అనుకున్నాను. "పిల్లలు తరగతిలో ఎందుకు మాట్లాడరు?" అన్న నా మొదటి పరిశోధన ప్రశ్నను చదివిన గైడుగారు, వారు మాట్లాడరన్న సంగతి మీకెలా తెలిసిందని అడిగారు. దానికి జవాబు వెతకడానికే నాలుగు నెలలు పట్టింది.

ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున 1 సెకను మాత్రమే ఆగుతారని, ఆ విరామం 3 సెకన్లకు పెరిగితే పిల్లల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగుపడతాయని 1970ల దశకంలో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపిన సంగతి అప్పుడే చదివాను. తల్లిదండ్రుల అనుమతి, పిల్లల సమ్మతి, నైతిక సమీక్షా సంఘం ఆమోదం పొందిన తరువాత నా పాఠాలనే రికార్డు చేసి, ప్రతి మాటనూ, ప్రతి విరామాన్నీ కాగితం మీద పెట్టాను. గంట రికార్డింగుకు ఐదారు గంటలు పట్టేది. అయినా ఈ పనిని పరిశోధకులు మరొకరికి అప్పగించకూడదనే నా అభిప్రాయం. "అంటే..." అని మొదలుపెట్టిన ఒక అమ్మాయిని ఆగనివ్వకుండా జవాబు నేనే చెప్పేసిన క్షణం అందులో ఉంది. దానిని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

గణాంకాల అధ్యాయం త్వరగానే పూర్తయింది.

మౌఖిక పరీక్ష ఇంకా మిగిలి ఉంది. ఈలోగా, వారి మాటల నుంచి నేనేమి తెలుసుకున్నానో ఆ పిల్లలకు అర్థమయ్యే భాషలో రెండు పేజీలు రాస్తున్నాను.