పక్కటెముకల మధ్య పైపుతో 34 రోజులు

బండి మీద నుంచి పడ్డప్పుడు హ్యాండిల్ కుడి పక్కటెముకల కింద గట్టిగా తగిలింది. పైకి కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు, లోపల లివర్ చీలింది. పొట్ట కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని ట్యూబు పంపి, రక్తం కారుతున్న నాళాన్ని మూసేశారు. ఆ రాత్రి నేను బతికింది దానివల్లే.

12వ రోజు చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. కుడి భుజం ఒకటే సలుపు. భుజానికీ లివర్‌కీ ఏం సంబంధంలే అని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సంబంధం ఉంది. లివర్ పైనున్న డయాఫ్రమ్ (ఊపిరి పీల్చడానికి కదిలే కండరపు పొర) ఒరుసుకుపోతే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. సీటీ స్కాన్‌లో అసలు సంగతి బయటపడింది: రక్తం అందక చచ్చిపోయిన లివర్ ముక్కకు ఇన్ఫెక్షన్ సోకి చీము పట్టింది.

మళ్ళీ ఆపరేషనేమోనని అమ్మ ఏడ్చేసింది. "కోత అక్కర్లేదమ్మా, పైపు వేసి చీము లాగేస్తాం" అన్నారు డాక్టరమ్మ. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, ముందు సూది, సూదిలోంచి తీగ, తీగ మీదుగా పైపు దింపారు. నేను మెలకువగానే ఉన్నాను. పసరు కలిసిన చీము బ్యాగులోకి దిగుతుంటే ఆ వాసనకు కడుపులో తిప్పింది, కానీ సాయంత్రానికి వణుకు తగ్గింది.

రోజూ పొద్దున సిరంజితో 10 మి.లీ. సెలైన్ ఎక్కించి పైపు కడగాలి. బ్యాగులో ఎంత పడిందో అమ్మ నోట్‌బుక్‌లో రాసేది. 180, 150, 110. ఆరో రోజు 15. సంబరపడ్డాం. రాత్రికి మళ్ళీ 102 జ్వరం. చీము తగ్గలేదు, చచ్చిన ముక్కలు అడ్డుపడి పైపు మూసుకుపోయింది! అంకె తగ్గి, జ్వరం కూడా తగ్గితేనే మంచి కబురని అప్పుడు తెలిసింది.

ఈసారి మత్తిచ్చి, అదే దారిని కాస్త వెడల్పు చేసి, సన్నని కెమెరా గొట్టంతో లోపల కడిగి, ముక్కలు ఒక్కొక్కటే తీశారు. లావు పైపు పెట్టారు. చీములో ఏ క్రిములున్నాయో చెప్పే కల్చర్ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మార్చారు.

మొదటి పైపు వేసిన 34వ రోజు స్కాన్‌లో చీము గూడు దాదాపు పూడిపోయిందని చూశాక, ఊపిరి బిగబట్టమని చెప్పి పైపు లాగేశారు. మూడు నెలలు బరువులెత్తొద్దన్నారు. ఇప్పుడు రెండో నెల. దగ్గితే ఆ చోట ఇంకా కలుక్కుమంటుంది. అమ్మ మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున థర్మామీటర్ తీసుకుని వస్తుంది.