డాబా మీద పద్దెనిమిది మంది

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా మేడ మీద రేకుల గదిలోకి తొమ్మిది మంది అమ్మాయిలు వస్తారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివేవాళ్ళు. ఆరుగురిది విజయవాడలో మా కృష్ణలంకే. ముగ్గురు సింగ్‌నగర్ నుంచి ఆటోలో వస్తారు. తను రాసుకున్న కవిత తను నిలబడి గొంతెత్తి చెప్పాలి, రెండు నిమిషాలు. కాగితం చేతిలో ఉండొచ్చు. ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గర బుట్టలో పెట్టాలి.

ఇలాంటి కవితల పోటీలు షికాగోలో మొదలయ్యాయి. 1986 నుంచి అక్కడి గ్రీన్ మిల్ అనే బార్‌లో మార్క్ స్మిత్ అనే ఆయన ఆదివారాలు నడిపాడు. ప్రేక్షకుల్లోంచే జడ్జీలను ఎంచి పదికి మార్కులు వేయించేవారు. ఆ మార్కులు మాత్రం నేను తెచ్చుకోలేదు. మా పిల్లలు పొద్దున వీక్లీ టెస్టు రాసి వస్తారు, ర్యాంకులు వాళ్ళకి ఇప్పటికే ఎక్కువ. మా దగ్గర విన్నవాళ్ళు తమకు గుర్తుండిపోయిన ఒక్క లైను తిరిగి చెప్పాలి, అంతే. డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు వీళ్ళకి అక్కలు. వారం మధ్యలో ఫోన్ చేసి ఏం రాశావని అడుగుతారు, రాయకపోతే ఎందుకు రాయలేదో వింటారు. చెప్పింది కవితలాగా కాక ఆపదలాగా వినబడితే ఆ రోజు కవిత్వం పక్కన పెట్టేస్తాం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది.

మన ఊళ్ళల్లో ఆడపిల్లలు తెల్లారకముందే వీధిలో అరుచుకుంటూ తిరిగినా ఎవరూ ఏమీ అనని రోజంటూ ఉంటే అది అట్లతద్దె. ఏడాదికి ఒక్క రోజు చాలదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సింగ్‌నగర్ అమ్మాయి ఒకతి, ఇంటర్ మొదటి సంవత్సరం, నాలుగు నెలలు ఏమీ చెప్పలేదు. ఐదో నెలలో లేచింది. 2024 సెప్టెంబరు 1, బుడమేరు వాగు పొంగి వాళ్ళ వీధిలోకి వచ్చిన ఆదివారం గురించి రాసింది.

డ్రోను వచ్చింది, పులిహోర వచ్చింది
పడవ వచ్చింది, పాల ప్యాకెట్టు వచ్చింది
నాకు డేట్ వచ్చింది
డాబా మీద పద్దెనిమిది మందిమి
తలుపున్న గది ఒక్కటీ లేదు
అమ్మ పాత చీర చింపింది

గదిలో చప్పుడు లేదు. అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. "చాలా బాగుంది తల్లీ, ఆ డేట్ అన్నచోట నెలసరి అని పెట్టు" అన్నాను. సరేనంది. తర్వాతి వారం అలాగే మార్చి చెప్పింది. సరిగ్గా ఆ మాట దగ్గర గొంతు పడిపోయింది. మళ్ళీ చెప్పించాను, మళ్ళీ అక్కడే. పదకొండేళ్ళు రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను, ఎదుటివాళ్ళ ఊపిరి ఎక్కడ తెగుతుందో నాకు వినబడుతుంది. ఆ మాట ఆ పిల్లది కాదు.

"మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగాను.

"డేట్ అనే అంటాం మేడం. నెలసరి అని బయాలజీ టీచర్ అంటారు."

రెండు వారాలు ఆ పిల్ల రాలేదు. మంచి మాట ఇస్తున్నాననుకుని ఉన్న మాటే లాగేసుకున్నాను. అక్క ఫోన్ చేస్తే తలనొప్పి అందట. నేనే సింగ్‌నగర్ వెళ్ళి వాళ్ళమ్మ ముందే చెప్పాను: "నువ్వు రాసిందే సరి నాన్నా, తప్పు నాది." అప్పటి నుంచి అక్కలకి కూడా చెబుతున్నాను, అక్షర దోషాలు కాగితం మీద దిద్దండి, నోట్లో ఉన్న మాట జోలికి పోకండి అని.

మొన్నటి ఆదివారం కూతురితోపాటు వాళ్ళమ్మ కూడా వచ్చింది. టైలరింగ్ చేస్తుందావిడ. గుమ్మం పక్కన కింద కూర్చుంది, కుర్చీ వేస్తే వద్దంది. అమ్మాయి డేట్ అనే అంది, ఈసారి గొంతు ఎక్కడా తగ్గలేదు. చివరి లైను అయ్యాక, గుర్తుండిపోయిన మాట చెప్పమంటూ మా వాళ్ళు అలవాటుగా ఆవిడ వైపు కూడా చూశారు.

"పాత చీర కాదే అది" అంది ఆవిడ కూతురితో. "పాతవన్నీ కింద నీళ్ళలో ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతానికి కొనుక్కున్నది. నీ సర్టిఫికెట్ల కవర్లో పెట్టి పైకి తెచ్చుకుంది అదొక్కటే."

అమ్మాయి కాసేపు వాళ్ళమ్మ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత పక్కపిల్ల చేతిలో పెన్ను తీసుకుని, కాగితాన్ని గోడకి ఆనించి, 'పాత' అన్న మాట కొట్టేసింది.