సగానికీ పూర్తికీ మధ్య

పదో తరగతి ఫిజిక్స్ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. అందులో ఒక పేజీలో నేను రాసిన 0.83 పక్కన ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్నార్థకం. సంచికకు ఏదైనా రాయమని అడగ్గానే ముందు అదే గుర్తొచ్చింది.

లెక్క చిన్నదే. 2 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలను 6 వోల్టుల బ్యాటరీకి సమాంతరంగా, అంటే కరెంటుకు పక్కపక్కన రెండు దారులుగా కలిపారు, ఫలిత నిరోధం (రెండూ కలిసి ఇచ్చే నిరోధం) ఎంత? నేను 1/2కి 1/3 కలిపి 5/6 తెచ్చి, దాన్నే 0.83 ఓమ్ అని రాసేశాను. ఫలిత నిరోధం R అయితే, అలా కలిపితే వచ్చింది 1/R అని, తలకిందులు చేస్తేనే R వస్తుందని మరిచిపోయాను. క్లాసులో చాలామంది అదే చేశారు కాబట్టి పెద్దగా సిగ్గనిపించలేదు.

మాస్టారు తప్పని అనలేదు. "ఏరా, సమాంతర సంధానంలో ఫలిత నిరోధం ఎలా ఉండాలి?" అన్నారు.

"ఉన్నవాటిలో చిన్నదాని కన్నా తక్కువ ఉండాలి సార్. 2 కన్నా 0.83 తక్కువే కదా!" గెలిచేసినట్టే చెప్పాను.

"సరే, రెండూ 2 ఓమ్‌లవే అయితే?"

"1 ఓమ్ సార్."

"అందులో ఒకటి తీసి 3 ఓమ్‌లది పెట్టాం. కరెంటుకు దారి ఇరుకైందా, వెడల్పైందా?"

ఇరుకైందని నాకూ తెలుసు. అంటే జవాబు 1 కన్నా పెరగాలి. నాదేమో తగ్గింది. ఇక నోరు పెగల్లేదు.

రెండు నిరోధాలు సమాంతరంగా ఉంటే ఫలితం చిన్నదానిలో సగం కన్నా తగ్గదు, చిన్నదాన్ని చేరుకోదు. చిన్నదాని కన్నా తక్కువ ఉండాలన్న మాట పుస్తకాల్లో కనిపిస్తుంది. సగం హద్దు మాత్రం మాస్టారి దగ్గరే విన్నాను, నా తప్పును పట్టుకున్నదీ అదే.

ఆయనకు అసలు సూత్రాల మీద మోజు తక్కువ. రెండు శాఖలకూ వోల్టేజి ఒకటే, ఏ శాఖ కరెంటు ఆ శాఖకు కట్టు అనేవారు. 6ని 2తో భాగిస్తే 3 ఆంపియర్లు, 3తో భాగిస్తే 2. మొత్తం 5. ఆరుని ఐదుతో భాగిస్తే 1.2 ఓమ్‌లు. తలకిందులు చేసే పనే లేదు. కరెంటు తక్కువ నిరోధం ఉన్న దారినే పోతుందనే అపోహ కూడా అక్కడే తీరుతుంది. అది అన్ని దారుల్లోనూ పోతుంది, కాకపోతే నిరోధాలు 2:3 అయితే కరెంట్లు 3:2.

జంక్షన్‌లోకి వచ్చిన కరెంటు, బయటికి పోయిన కరెంటు సమానమని చెప్పిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ 1845లో ఇంకా విద్యార్థేనట, వయసు 21. మనకింకా ఆరేళ్లు టైముందని వెనక బెంచీలో నవ్వుకున్నాం.

ల్యాబ్‌లో నా ఘనకార్యం ఒకటుంది. కరెంటును కొలిచే అమ్మీటరును, వోల్టేజిని కొలిచే వోల్ట్‌మీటరులా నిరోధానికి సమాంతరంగా కలిపాను. దాని సొంత నిరోధం అతి తక్కువ కాబట్టి కరెంటు దాదాపు అంతా అందులోకే దూరి, ముల్లు వెళ్లి చివర టప్‌మని కొట్టుకుంది. అంతకన్నా వివరాలు వద్దు.

ఇంకో సందేహం మాత్రం చాలా రోజులు పీకింది. శాఖలు స్వతంత్రమైనప్పుడు, రెండో బల్బు కలపగానే మొదటిది కాస్త మసకబారుతుందెందుకు? బ్యాటరీకీ లోపల నిరోధం ఉంటుందని ఇంటర్‌లో గానీ అర్థం కాలేదు. అది 0.3 ఓమ్ అనుకుంటే, మన లెక్కలో మొత్తం 1.5 ఓమ్‌లు, కరెంటు 4 ఆంపియర్లు, శాఖలకు చేరేది 4.8 వోల్టులే. 3 ఓమ్‌ల శాఖ ఒంటరిగా ఉన్నప్పుడు 1.82 ఆంపియర్లు తీసుకునేది, ఇప్పుడు 1.6కి దిగుతుంది.

వార్షిక పరీక్షలో మూడు నిరోధాల లెక్క వచ్చింది: 2, 3, 6. లబ్ధాన్ని మొత్తంతో భాగించే రెండు నిరోధాల సూత్రాన్ని కొందరు మూడింటికీ వాడి 3.27 తెచ్చారు. చిన్నదైన 2 కన్నా అది పెద్దది, పైగా ప్రమాణం ఓమ్ స్క్వేర్ అవుతుంది. వాళ్లకు సున్నా. సరిగ్గా చేసినవాళ్లకు 1/2, 1/3, 1/6 కలిపితే 1, అంటే 1 ఓమ్. తలకిందులు చేయడం మరిచినవాళ్లకూ 1 ఓమే! వాళ్లకూ పూర్తి మార్కులు పడ్డాయి. నాకూ పడ్డాయి. ఆ రోజు తలకిందులు చేశానో లేదో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.