రేపు ఫిజిక్స్ పేపరు, ఈ పూట తెల్లకాగితాలు

రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఇంటర్ ఫిజిక్స్. ఇప్పుడు సాయంత్రం అయిదు. ఈ టైములో టెక్స్ట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేయడం మొదలుపెడితే రాత్రి వృథా. చదవాల్సింది చదివేశాం అనుకోండి, చదవకపోయినా సరే. మిగిలింది రాసి చూసుకోవడమే. ఓ ఇరవై తెల్లకాగితాలు, పెన్ను, పెన్సిలు, స్కేలు ముందు పెట్టుకోండి. ఫోను వేరే గదిలో ఉండాలి.

ఫిజిక్స్‌తో వచ్చిన చిక్కేమిటంటే, పుస్తకం చూస్తూ చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి బొమ్మ గీయబోతే రెండో గీత దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఆగిన చోటు మాత్రమే తెరిచి చూసుకోండి. పక్క పేజీకి పోవద్దు.

60 మార్కుల పేపరు రాసేవాళ్లకి లెక్క తెలిసిందే. 2 మార్కులవి పదీ రాయాలి, అవి 20. 4 మార్కులవి ఎనిమిదిలో ఆరు, అవి 24. 8 మార్కులవి మూడులో రెండు, అవి 16. (పేపరు పద్ధతి మారిన బ్యాచ్‌వాళ్లు బోర్డు మోడల్ పేపరు ముందు పెట్టుకుని ఇదే లెక్క వేసుకోండి. సిలబస్‌లోంచి తీసేసిన పాఠాలుంటే అవీ వదిలేయండి.) అందరూ 8 మార్కుల వాటి మీద పడి 2 మార్కులవి పరీక్ష పొద్దున్నకి వదిలేస్తారు. అది తిరగేసి చేయాలి. పదీ రాయక తప్పనివి అవే కాబట్టి, ఈ సాయంత్రం మొదటి గంటన్నర వాటికే ఇవ్వండి. నిర్వచనం, సూత్రం, యూనిట్ ఒక్కోదానికి ఒక్కో లైను. ఆ తర్వాతే పెద్దవి.

పెద్దవాటిలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. కిర్కాఫ్ నియమాలు రాసి, వీట్‌స్టన్ బ్రిడ్జి బాలెన్స్ కండిషన్ రాబట్టమంటాడు. ముందు బొమ్మ. గాలిపటం ఆకారం గీసి నాలుగు మూలలకీ ఏ, బీ, సీ, డీ పెట్టండి. నిరోధాలు నాలుగు: ఏ-బీ మధ్య పీ, బీ-సీ మధ్య క్యూ, ఏ-డీ మధ్య ఆర్, డీ-సీ మధ్య ఎస్. బ్యాటరీ ఏ-సీ మధ్య, గాల్వనోమీటర్ (దాని నిరోధం జీ) బీ-డీ మధ్య. ఇక్కడే చాలామంది బాణాలు వేయకుండా సమీకరణాల్లోకి దూకుతారు. బాణం లేకపోతే గుర్తు ప్లస్సో మైనస్సో ఎలా తెలుస్తుంది? పీ లో కరెంటు ఐ1, ఆర్ లో ఐ2, క్యూ లో ఐ3, ఎస్ లో ఐ4, గాల్వనోమీటర్‌లో బీ నుంచి డీ కి ఐజీ అని బాణాలు వేయండి. బీ దగ్గర ఐ1 = ఐ3 + ఐజీ. డీ దగ్గర ఐ2 + ఐజీ = ఐ4.

ఇప్పుడు లూపులు. ఏ-బీ-డీ-ఏ చుట్టూ తిరిగితే ఐ1×పీ + ఐజీ×జీ − ఐ2×ఆర్ = 0. బీ-సీ-డీ-బీ చుట్టూ తిరిగితే ఐ3×క్యూ − ఐ4×ఎస్ − ఐజీ×జీ = 0. రెండో లూపులో డీ నుంచి బీ కి వెళ్తున్నాం, అంటే ఐజీ బాణానికి ఎదురు, కాబట్టి అక్కడ మైనస్. దీన్ని ప్లస్ అని రాసేస్తారు. బాలెన్స్ అంటే ఐజీ సున్నా, ఎలాగూ చివర అదే పెడతాం కాబట్టి జవాబు సరిగ్గానే వచ్చేస్తుంది, తప్పు రాసినవాళ్లకి కనపడదు. దిద్దేవాళ్ల కంట మాత్రం పడుతుంది. ఐజీ = 0 అయితే ఐ1 = ఐ3, ఐ2 = ఐ4. అంటే ఐ1×పీ = ఐ2×ఆర్, ఐ1×క్యూ = ఐ2×ఎస్. ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే పీ/క్యూ = ఆర్/ఎస్. మొత్తం ఒక పేజీ. రెండుసార్లు చూడకుండా రాస్తే ఇక మర్చిపోరు.

న్యూక్లియర్ రియాక్టర్ ప్రశ్నలో డెరివేషన్ లేదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. అందులో పోయే మార్కులన్నీ ఒక్క తికమకలో పోతాయి. మోడరేటర్ న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది, భారజలం, గ్రాఫైట్ అలాంటివి. కంట్రోల్ రాడ్లు న్యూట్రాన్లను మింగేస్తాయి, కాడ్మియం, బోరాన్ అలాంటివి. ఒకటి నెమ్మదిపరిచేది, ఇంకోటి తినేసేది. బొమ్మలో రెండింటికీ పేర్లు రాయండి.

ఆర్గాన్ పైపుల దగ్గర కూడా ఇలాంటి గోతి ఒకటుంది. ఒక చివర మూసిన గొట్టంలో పౌనఃపున్యాల నిష్పత్తి 1:3:5, రెండు వైపులా తెరిచినదానిలో 1:2:3. మూసిన గొట్టంలో మొదటి ఓవర్‌టోన్ మూడో హార్మోనిక్ అవుతుంది, రెండోది కాదు. ఆ గోతి సరిగ్గా ఇదే.

డాప్లర్ సూత్రంలో గుర్తులు గుర్తుండవు అంటారు. గుర్తుంచుకోవడం ఎందుకండీ? రాజమండ్రి పుష్కరాల రేవులో నుంచుని గోదావరి వంతెన మీద రైలు కూత విన్నవాళ్లకి చెవులే చెబుతాయి, వస్తున్నప్పుడు సన్నగా, పోతున్నప్పుడు లావుగా. రైలు గంటకి 72 కిలోమీటర్లు, అంటే 5/18 తో గుణిస్తే సెకనుకి 20 మీటర్లు. కూత 320 హెర్ట్జ్, ధ్వని వేగం 340 అనుకుందాం. దగ్గరికి వస్తుంటే 320×340/(340−20) = 340 హెర్ట్జ్. దూరమవుతుంటే 320×340/(340+20), సుమారు 302. వస్తున్నప్పటి జవాబు 320 కంటే తక్కువ వచ్చిందంటే కింద గుర్తు తిరగబడిందన్నమాట. (నిజానికి రేవు వంతెనకి పక్కగా ఉంటుంది కాబట్టి రైలు వేగంలో మనవైపు ఉన్న భాగాన్నే తీసుకోవాలి. లెక్కలో వినేవాడు పట్టాల వెంటే ఉన్నాడనుకుంటాం.)

ఫస్టియర్ వాళ్లకి నది దాటే లెక్క. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వైపు పంటు ఎక్కినవాళ్లకి ఇది కొత్తేం కాదు. నది వెడల్పు 1000 మీటర్లు, నీటిలో పడవ వేగం 4, ప్రవాహం 3 అనుకోండి, రెండూ సెకనుకి మీటర్లలో. ముక్కు నేరుగా అవతలి ఒడ్డుకి పెడితే ఎంతసేపు? సగం మంది 1000ని 5తో భాగించి 200 అంటారు. 5 అనేది ఏటవాలు దారిలో వేగం, ఆ దారి పొడవు 1250 మీటర్లు. వెడల్పుని దాటించేది 4 మాత్రమే, అందుకని 250 సెకన్లు. ఈలోగా ప్రవాహం 750 మీటర్లు దిగువకి తోసేస్తుంది. సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే ముక్కు ఎగువకి తిప్పాలి. అప్పుడు అడ్డంగా పనిచేసే వేగం 16−9 కి వర్గమూలం, సుమారు 2.65. టైము 378 సెకన్లు దాకా పడుతుంది.

కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి పది ఘాతాలు చేత్తో చేయడం ఈ రాత్రే అలవాటు కావాలి. చదరపు సెంటీమీటరుని చదరపు మీటర్లలోకి మారుస్తూ 10⁻² అని వేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు, అది 10⁻⁴. చదరపు మిల్లీమీటరు 10⁻⁶. ఫోటో ఎలక్ట్రిక్ లెక్కలో తరంగదైర్ఘ్యం 400 నానోమీటర్లు ఇచ్చాడనుకోండి. 6.63×10⁻³⁴ ని 3×10⁸ తో గుణించి 4×10⁻⁷ తో భాగిస్తే సుమారు 4.97×10⁻¹⁹ జౌళ్లు. దాన్ని 1.6×10⁻¹⁹ తో భాగిస్తే 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. వర్క్ ఫంక్షన్ 2.3 అయితే గరిష్ఠ గతిజ శక్తి 0.8. సరిచూసుకోవడానికి దొడ్డిదారి ఉంది. 1240ని నానోమీటర్ల సంఖ్యతో భాగించండి, 1240/400 = 3.1. మార్జిన్‌లో పెన్సిలుతో చూసుకోవడానికే అది. పేపర్లో మాత్రం మొత్తం స్టెప్పులూ రాయాలి, మార్కులు వాటికే.

పదకొండింటికి పడుకోండి. మార్చిలో ఉక్కపోత, కాలవ గట్టు పక్కన ఇళ్లయితే దోమలు, మధ్యలో కరెంటు పోతే చెప్పక్కర్లేదు. కాబట్టి రాయాల్సిన పని భోజనాలకి ముందే అవగొట్టండి. తర్వాత లాజిక్ గేట్ల పట్టికల లాంటి తేలిక సరుకు చూసుకోవచ్చు. లంక గ్రామాల నుంచి పడవ దాటి వచ్చేవాళ్లు ఒక పడవ ముందే బయల్దేరండి. ఆ దారిలో కొత్త ప్రశ్న ఏదీ తెరవద్దు. ఈ పూట రాసిన కాగితాలే చాలు.

హాల్లో 180 నిమిషాలు. 2 మార్కులవి ఒక్కోటి 4 నిమిషాల చొప్పున 40. 4 మార్కులవి 11 చొప్పున 66. 8 మార్కులవి 22 చొప్పున 44. అన్నీ కలిపి 150. మిగిలిన అరగంటలో మొదటి పది నిమిషాలు పేపరు చదివి ఏవి వదలాలో టిక్కు పెట్టుకోండి. చివరి ఇరవైలో చూడాల్సినవి మూడే: జవాబు పక్కన యూనిట్ ఉందా, బొమ్మకి పేర్లు ఉన్నాయా, మార్జిన్‌లో ప్రశ్న నంబరు సరిగ్గా పడిందా.