మ్యాపులో చుక్కలు లేని చోట

2018 వేసవిలో పన్నెండు వారాలు నేను అమెరికాలోని అయోవా రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న ఒక చిన్న కౌంటీలో పనిచేశాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చదివేవాళ్లు ఏదో ఒక చోట ప్రాక్టికమ్, అంటే క్షేత్ర శిక్షణ, చేయాలి. మా క్లాసులో చాలామంది నగరాలు, పెద్ద ఆస్పత్రులు ఎంచుకున్నారు. నేను మాత్రం పల్లె ప్రాంతమే కావాలని అడిగాను. అయోవాలో 99 కౌంటీలున్నాయి. నాకు దొరికిన కౌంటీ మొత్తం జనాభా మా కనిగిరి టౌను జనాభా కంటే తక్కువ.

పల్లె ఎందుకు అడిగానో చెప్పాలి. నేను కనిగిరి దగ్గర ఒక ఊళ్లో పుట్టాను. మా నాయనమ్మ నిటారుగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. పక్కకు చూడాలంటే మెడ తిరగక ఒళ్లంతా తిప్పేది. నాతో బడికి వచ్చిన పిల్లల్లో చాలామందివి గారపళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఇలా జరుగుతుందని హైస్కూల్లో తెలిసింది. అమెరికా వచ్చాక లైబ్రరీలో చదువుతుంటే మరో సంగతి కనబడింది. మన దేశంలో ఈ జబ్బును మొదటిసారి వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో. మా కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే. అంతకు ముందే రైతులు తమ ఎడ్లు నడవలేకపోవడం గమనించారట. 1937లోనే కాగితం మీదికి ఎక్కిన జబ్బు అన్నేళ్ల తర్వాత కూడా మా నాయనమ్మ ఎముకల్లో ఎందుకుంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కౌంటీ ఆఫీసులో పర్యావరణ ఆరోగ్యం చూసేది ఒక్కరే, ఆవిడే మా సూపర్‌వైజర్. బావులు, సెప్టిక్ ట్యాంకులు, ఈత కొలనులు, కుక్కకాట్లు, అన్నీ ఆవిడ బల్ల మీదికే వస్తాయి. "ఇక్కడి మనుషులు తాగే నీళ్లు, పీల్చే గాలి, ఉండే ఇళ్లు ఎలా ఉన్నాయో ఒక నివేదిక కావాలి. నాకు కూర్చుని రాసే టైము లేదు" అన్నారు మొదటి రోజు. నా చేతికి ఒక పుస్తకం ఇచ్చారు. పేస్ ఈహెచ్ అంటారు దాన్ని. కౌంటీ, నగర ఆరోగ్యాధికారుల జాతీయ సంఘం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి 2000లో తెచ్చిన పద్ధతి. అందులో 13 పనులుంటాయి. ముందు ఊరివాళ్లతో ఒక బృందం కట్టాలి, వాళ్ల ఆందోళనలు వినాలి, వాటిలో కొలవగలిగినవి ఎంచుకోవాలి, కొలవాలి, ఏది ముందో తేల్చాలి, ఆ తర్వాతే ఏం చేయాలో రాయాలి. నేను చదివి పక్కన పెట్టాను. డేటా కంప్యూటర్లోనే ఉంటుంది కదా, మూడు వారాల్లో అయిపోతుందనుకున్నాను.

అయోవాలో ప్రైవేటు బావుల పరీక్షలన్నీ రాష్ట్రం నడిపే డేటాబేస్‌లో ఉంటాయి. ఆ ఫలితాలు తీసి మ్యాపు మీద పెట్టాను. నైట్రేట్ అంటే ఎరువుల నుంచి, పేడ నుంచి నీళ్లలోకి దిగే రసాయనం. అది పరిమితి దాటిన బావికి ఎర్రచుక్క, దాటనిదానికి నీలం చుక్క. పరిమితి దగ్గరే ఒక పెద్ద తప్పు చేశాను. అమెరికాలో నైట్రేట్ పరిమితి లీటరుకు 10 మిల్లీగ్రాములు, మన దేశంలో 45. ఇక్కడ ఎంత కఠినంగా ఉన్నారో అనుకున్నాను. తీరా చూస్తే రెండూ దాదాపు ఒకటే. అమెరికా వాళ్లు నైట్రేట్‌లో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే లెక్కేస్తారు, మనవాళ్లు నైట్రేట్ మొత్తం బరువు లెక్కేస్తారు. ఆఫీసు బీరువాలోని పాత కాగితాల్లో కొన్ని 45 లెక్కలో ఉన్నాయి. నేను వాటిని 10తో పోల్చి, బాగున్న బావులకు కూడా ఎర్రచుక్కలు పెట్టేశాను. రెండు రోజులు కూర్చుని అన్నీ మళ్లీ సరిచేశాను. ఈ పని చేయబోయే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందు కొలమానం చూడండి, తర్వాతే అంకె చూడండి.

మ్యాపు అయ్యాక చుక్కల్లేని ప్రాంతమంతా లేత పచ్చరంగు వేసి చూపించాను. సూపర్‌వైజర్ చాలాసేపు చూశారు. "ఇక్కడ పచ్చరంగు ఎందుకు వేశావు?" అని అడిగారు.

"అక్కడ సమస్యేం కనబడలేదండీ."

"అక్కడ ఎవరూ పరీక్షే చేయించుకోలేదు" అన్నారు.

నా ముఖం వేడెక్కింది. పచ్చరంగు వేసిన చోట్లలో ఇళ్లున్నాయి, ఇళ్లలో మనుషులున్నారు, వాళ్లు రోజూ ఆ బావి నీళ్లే తాగుతున్నారు. మా ఊరిని కూడా ఎవరో ఇలాగే ఏ ఆఫీసులోనో కూర్చుని పచ్చరంగులో చూసి ఉంటారు అనిపించింది. ఆ సాయంత్రం రంగు మార్చి బూడిదరంగు వేశాను. కింద 'తెలియదు' అని రాశాను.

అలా ఎందుకు మిగిలిపోయారో కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో తాగునీటి భద్రతా చట్టం 1974లో వచ్చింది. కానీ అది కనీసం 15 కనెక్షన్లు ఉన్న, లేదా ఏడాదిలో 60 రోజులైనా కనీసం 25 మందికి నీళ్లిచ్చే వ్యవస్థలకే వర్తిస్తుంది. పొలం మధ్యలో ఒక్క ఇల్లు, ఆ ఇంటికో బావి ఉంటే, ఆ నీళ్లు బాగున్నాయో లేదో చూసుకోవాల్సింది ఇంటివాళ్లే. అయోవాలో 1987 భూగర్భజల రక్షణ చట్టం పుణ్యమా అని ఒక మంచి ఏర్పాటుంది. నేను వెళ్లినప్పుడు గ్రాంట్స్ టు కౌంటీస్ అని పిలిచిన పథకం కింద బావి యజమాని అడిగితే బాక్టీరియా, నైట్రేట్, ఆర్సెనిక్ పరీక్షలు ఉచితంగా చేస్తారు, వాడని పాత బావిని పూడ్చడానికి సాయం చేస్తారు. 'అడిగితే' అన్న మాట దగ్గరే అంతా ఆగిపోతోంది. ఫోన్ చేసి అడిగేవాళ్లు టౌను చుట్టుపక్కలవాళ్లు, కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు. నా మ్యాపులో చుక్కలన్నీ హైవే వెంబడే ఉండటానికి కారణం అదే.

అప్పుడు మళ్లీ పుస్తకం తెరిచి మొదటి పని దగ్గర్నుంచి మొదలుపెట్టాను. లైబ్రరీ గదిలో మీటింగ్ పెట్టాం. రైతులు, బడి నర్సు, బావులు తవ్వే కాంట్రాక్టర్, పాల డెయిరీ నడిపే దంపతులు వచ్చారు. నేను నీళ్ల గురించి మాట్లాడదామని వెళ్తే వాళ్లు వాసన గురించి మాట్లాడారు. అయోవాలో మనుషులు ముప్పై లక్షలు దాటితే పందులు రెండు కోట్లు దాటతాయి. వేలకొద్దీ పందుల్ని పెంచే పొడుగాటి షెడ్లు, వాటి కింద పేడ గుంటలు. శరదృతువులో ఆ పేడను పొలాలకు ఎక్కిస్తారు. ఒకావిడ లేచి, గాలి ఎటు వీస్తుందో చూసుకోకుండా పదేళ్లుగా బట్టలు ఆరేయలేదని చెప్పింది. ఆవిడ గొంతు వణికింది. కొలిచే పరికరం లేదు కాబట్టి వాసనను 'ఇతర ఫిర్యాదులు' కింద వేద్దామని నేను నోట్సులో రాసుకున్నాను. ఆవిడ మాట విన్నాక కొట్టేశాను. బట్టలు ఆరేసుకోలేని, కిటికీ తెరవలేని ఇల్లు ఆరోగ్యంగా ఉందని ఎలా రాస్తాం?

రేడాన్ గురించి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నేల కింది యురేనియం నుంచి పుట్టి, పునాది పగుళ్లలోంచి నేలమాళిగలోకి చేరే వాయువు అది. రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత పెద్ద కారణం ఇదే. అమెరికా పర్యావరణ సంస్థ రేడాన్ మ్యాపులో అయోవాలోని 99 కౌంటీలూ అత్యధిక ప్రమాద జోన్‌లోనే ఉన్నాయి. ఎవరైనా అడిగితే ఇచ్చే పరీక్ష కిట్లు మా ఆఫీసు అలమరలోనే ఉన్నాయి. మీటింగ్ చివర్లో వాటిని బల్ల మీద పెడితే అన్నీ పట్టుకెళ్లారు. అలమరలో ఉన్న వస్తువును బల్ల మీదికి తేవడం కూడా పనేనని అప్పుడు అర్థమైంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం రంగుల సంగతి బడి నర్సు తీసుకుంది, దాని గురించి నేను ఎక్కువ చేయలేదు.

ఇక మిగిలింది ఇంటింటికీ వెళ్లడం. ఇది ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా. అయోవాలో టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చదరం. బూడిదరంగు ఎక్కువున్న టౌన్‌షిప్పులు తీసుకుని, కంకర రోడ్ల మీద దుమ్ము లేపుకుంటూ తిరిగాం. మొదటి వారం తలుపులు తెరిచి మళ్లీ వేసేశారు. కారణం నమూనా కోసం మా చేతిలో ఉన్న నీళ్ల సీసాయే. 2015లో డి మొయిన్ నగర నీటి సరఫరా సంస్థ, నదిలోకి నైట్రేట్ వదులుతున్నారని వాయవ్య అయోవాలోని మూడు కౌంటీల్లో పొలాల నీళ్లు బయటికి పంపే కాల్వలను నడిపే డ్రైనేజీ జిల్లాల మీద కేసు వేసింది. 2017లో కోర్టు దాన్ని కొట్టేసింది. మా కౌంటీకి ఆ కేసుతో సంబంధం లేదు. అయినా నీళ్లు పట్టుకెళ్లేవాళ్లు రేపు కోర్టుకు తీసుకెళ్తారేమో అన్న భయం రైతులందరిలో ఉంది. "నువ్వెవరి తరఫున వచ్చావమ్మా?" అని ఒక పెద్దాయన గేటు దగ్గరే ఆపేశాడు.

ఆయనకు నేను మా నాయనమ్మ గురించి చెప్పాను. ఏ ఉపాయంతోనూ చెప్పలేదు, ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అదొక్కటే. ఆయన విని, తల ఊపి, లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు ఆయన భార్య ఆఫీసుకు ఫోన్ చేసి రమ్మంది.

నమూనా తీయడం తేలికని అనుకోకూడదు. కొళాయి మూతికుండే జాలీ విప్పాలి, చన్నీళ్లు కొన్ని నిమిషాలు వదలాలి, సీసా లోపలి అంచుకు వేలు తగలకూడదు. బాక్టీరియా సీసాలో క్లోరిన్‌ను విరిచే తెల్ల బిళ్ల ఒకటుంటుంది. మొదటి రోజుల్లో ఒకసారి అలవాటు కొద్దీ సీసా కడిగి ఆ బిళ్లను పారబోశాను, ఆ నమూనా వృథా అయింది. తీశాక 30 గంటల్లోపు లాబ్‌కు చేరాలి. అందుకని శుక్రవారం ఎవరి ఇంటికీ వెళ్లేవాళ్లం కాదు.

ఆ ముసలి దంపతుల బావి పాతది, లోతు తక్కువ. ఈశాన్య అయోవా నేల కింద చాలాచోట్ల పగుళ్లు, బొరియలు నిండిన సున్నపురాయి ఉంటుంది. వానపడితే పొలం మీది నీళ్లు వడకట్టకుండానే కిందికి దిగిపోతాయి. పెద్ద వాన తర్వాత నీళ్లు రెండు రోజులు మబ్బుగా వస్తాయని ఆవిడే చెప్పింది. వంటింటి మూల చిన్న ఊయల ఉంది. కూతురి బిడ్డ, రెండు నెలలది. పాలపొడి కలపడానికి నీళ్లు బాగా మరిగిస్తున్నానని ఆవిడ ఎంతో నమ్మకంగా అంది. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది, నిజమే. నైట్రేట్ మాత్రం పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్ ఎక్కువైతే ఆరు నెలల లోపు పిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చి ఒళ్లు నీలంగా మారవచ్చు. బావి నీళ్లకూ ఈ నీలిరంగుకూ ఉన్న సంబంధాన్ని 1945లో వైద్య పత్రికలో రాసిన హంటర్ కామ్లీ పనిచేసింది ఈ అయోవాలోనే. ఫలితం వచ్చేదాకా పాపకు షాపులో కొన్న సీసా నీళ్లే వాడమని చెప్పి వచ్చాం. ఆ మూడు రోజులు నాకు ఒకటే టెన్షన్.

ఫలితం పరిమితి దాటింది. బాక్టీరియా కూడా ఉంది. సూపర్‌వైజర్ ఫోన్ పెట్టకుండా ఆవిడతో అరగంట మాట్లాడారు. పాప బాగానే ఉంది. తర్వాతి నెలలో ఆ పెద్దాయనే మా కారులో ముందు సీట్లో కూర్చుని, తన టౌన్‌షిప్‌లో ఒక్కో ఇంటి గేటు తెరిపించాడు. మేం ఇచ్చిన మాట ఒక్కటే, ఎవరి పేరూ, ఎవరి ఇల్లూ నివేదికలో కనబడవు, టౌన్‌షిప్ దాకానే చూపిస్తాం. దాన్ని చివరిదాకా నిలబెట్టుకున్నాం.

ఆగస్టులో కౌంటీ సూపర్‌వైజర్ల ముందు, అంటే కౌంటీని నడిపే ఎన్నికైన బోర్డు సభ్యుల ముందు, నివేదిక పెట్టాను. మొదటి పేజీలో ఎర్రచుక్కల మ్యాపు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. నేను బూడిదరంగు మ్యాపే పెట్టాను. దాన్ని చూసి ఒకాయన, "మా అన్న ఇల్లు అక్కడే ఉంది" అన్నాడు. ఏటా మిగిలిపోతున్న పరీక్షల డబ్బును ముందుగా ఆ టౌన్‌షిప్పులకే వాడాలని, కొత్తగా పుట్టిన బిడ్డ ఉన్న ప్రతి బావి ఇంటికీ నర్సు నమూనా సీసా పట్టుకెళ్లాలని ఒప్పుకున్నారు. వాసన గురించి వాళ్ల చేతిలో ఏమీ లేదన్నారు. నాకు ఆ జవాబు నచ్చలేదు, నివేదికలో ఆవిడ మాటలు అలాగే ఉంచాను.

నేను వచ్చేసేనాటికి రెండు టౌన్‌షిప్పులు ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి. అక్కడ ఎక్కువగా ఆమిష్ కుటుంబాలుంటాయి. ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే క్రైస్తవ సమాజం వాళ్లది. ఇంట్లో ఫోనుండదు, ఆన్‌లైన్ ఫారం వాళ్ల దాకా చేరదు. గుర్రపు బండ్లలో టౌనుకు వచ్చి కూరగాయలు అమ్మే శనివారం సంతలోనే వాళ్లను కలవాలి. ఆ సంత ఏ రోడ్డులో, ఎన్ని గంటలకు మొదలవుతుందో, ముందు ఎవరిని పలకరించాలో ఒక కాగితం మీద రాసి, నా తర్వాత వచ్చే విద్యార్థి కోసం మ్యాపు వెనక అంటించి వచ్చాను.