ఇసుక ఉత్తరానికి నడిచే తీరం

నమీబియాలో స్వాకోప్‌ముండ్ అనే ఊరుంది. దాని ఒడ్డున సముద్రంలోకి కట్టిన 375 మీటర్ల గోడ ఒకటుంది. పేరు మోల్. ఓడలకు రేవు అవుతుందని 1899 సెప్టెంబరులో శంకుస్థాపన చేసి, 1903 ఫిబ్రవరి 12న ప్రారంభించారు. ఏడాది తిరిగేసరికి ఇసుక మేట మొదలైంది. 1906 నాటికి ఆ గోడ చాటుకు పడవలు కూడా రాలేని పరిస్థితి. ఇప్పుడు దాని లోపలి వైపు ఊరి జనం స్నానాలు చేసే బీచ్. జర్మన్ సామ్రాజ్యం 25 లక్షల మార్కులు పోసి కట్టించుకున్న బీచ్ అన్నమాట.

నమీబియా తీరం పొడవు సుమారు 1,570 కిలోమీటర్లు. అందులో ఓడ నిశ్చింతగా లంగరు వేయగల సహజమైన చోట్లు రెండే, వాల్విస్ బే, లూడెరిట్జ్. మొదటిది బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు. రెండోదానికి తాగునీరు లేదు. ఈ దేశపు వలస చరిత్రలో వింతగా కనిపించే చాలా సంగతులకు మూలం ఇక్కడే ఉంది.

ముందు ఇసుక సంగతి చూడాలి. దక్షిణాన ఆరెంజ్ నది, ఉత్తరాన కునేనే నది. ఈ రెంటి మధ్య ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ సముద్రాన్ని చేరదు. కుయిసెబ్, స్వాకోప్, ఉగాబ్ లాంటివి లోపలి ఎత్తు ప్రాంతాల్లో మంచి వానలు పడ్డ ఏడు కొద్ది రోజులు పారతాయి. మిగతా కాలమంతా ఎండిన ఇసుక దారులే, నీళ్లు ఇసుక కింద ఉంటాయి. సముద్రంలో దక్షిణం నుంచి చల్లటి బెంగేలా ప్రవాహం వస్తుంది. చల్లటి నీటి మీది గాలి పైకి లేవదు కాబట్టి మేఘం కట్టదు, వాన రాదు. పొగమంచు మాత్రం దట్టంగా కమ్ముతుంది. స్వాకోప్‌ముండ్‌లో ఏడాది వర్షపాతం సాధారణంగా 20 మిల్లీమీటర్లు దాటదు.

ఆరెంజ్ నది లెసోతో కొండల నుంచి, దక్షిణాఫ్రికా పీఠభూమి నుంచి ఇసుక మోసుకొచ్చి సముద్రంలో పోస్తుంది. నైరుతి నుంచి వచ్చే అలలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి. అల ఇసుక రేణువును ఏటవాలుగా పైకి నెడుతుంది, వెనక్కి జారే నీరు దాన్ని తిన్నగా కిందికి లాగుతుంది. అలా రంపపు పళ్ల దారిలో రేణువు అలకు ఇంత చొప్పున ఉత్తరానికి జరుగుతుంది. దారిలో ఒడ్డుకు చేరిన ఇసుకను దక్షిణపు గాలి లోపలికి ఎత్తుకెళ్లి దిబ్బలు పోస్తుంది. నమీబ్ ఇసుక సముద్రం అలా పుట్టిందే. దాని ఉత్తరపు హద్దు కుయిసెబ్ నది. ఎప్పుడో ఒకసారి వచ్చే వరద తనలోకి దొర్లిన దిబ్బల ఇసుకను కడిగేస్తుంది. అందుకే నదికి దక్షిణాన దిబ్బలు, ఉత్తరాన గులకరాళ్ల మైదానం. తీరం పక్కన సన్నటి దిబ్బల పట్టీ ఒకటి మాత్రం కుయిసెబ్‌ను దాటి స్వాకోప్ దాకా పోతుంది.

వాల్విస్ బే కూడా ఈ ఇసుక పుణ్యమే. ఉత్తరానికి నడిచే ఇసుక అక్కడ పొడవాటి నాలుకలా సముద్రంలోకి సాగింది. దాని కొసే పెలికన్ పాయింట్. నైరుతి అలలన్నీ ఆ నాలుకకు అవతల విరుగుతాయి, ఇవతల నీరు ప్రశాంతంగా ఉంటుంది.

పోర్చుగీసు వాళ్లు ఇదంతా చూసి వెళ్లిపోయారు. దియోగో కావ్ 1486లో కేప్ క్రాస్ దగ్గర రాతి శిలువ పాతాడు. బర్తొలోమియు దియాస్ 1487 డిసెంబరులో వాల్విస్ బేలో, ఆ తరువాత ఆంగ్రా పెకెనాలో, అంటే నేటి లూడెరిట్జ్‌లో, ఆగాడు. నీళ్లు లేవు, వర్తకం లేదు, వాళ్లకు ఇక్కడ పనేమీ కనిపించలేదు. ఆ శిలువను 1893లో జర్మన్ నౌక బెర్లిన్‌కు ఎత్తుకుపోయింది. తిరిగి ఇస్తామని అక్కడి మ్యూజియం 2019లో ప్రకటించింది.

తీరానికి గిరాకీ తెచ్చింది పక్షుల రెట్ట. చల్లటి నీటిలో చేపలు విపరీతం, చేపల కోసం పక్షులు, వాన లేక కడుక్కుపోకుండా మీటర్ల కొద్దీ పేరుకున్న రెట్ట. యూరప్ పొలాలకు అది బంగారం లాంటి ఎరువు. 1843-45 మధ్య ఇచాబో అనే చిన్న దీవి చుట్టూ వందల ఓడలు మూగి, అడుగు రాయి తేలేదాకా తవ్వుకుపోయాయి. దీవి విస్తీర్ణం ఏడు హెక్టార్లు కూడా ఉండదు. తరువాత 1860లలో బ్రిటన్ ఇలాంటి 12 దీవులను తనవని ప్రకటించింది. వాటిలో ఒకదాని పేరు ప్లమ్ పుడ్డింగ్, మరొకదానికి రోస్ట్ బీఫ్ అనే పేరుంది. పేర్లు పెట్టిన నావికుల ఆకలి తెలుస్తూనే ఉంది. నవ్వుకున్నా సరే, ఈ 12 దీవుల్ని గుర్తుంచుకోండి, 1994లో మళ్లీ వస్తాయి.

1878 మార్చి 12న బ్రిటిష్ నౌకాదళం వాల్విస్ బేను స్వాధీనం చేసుకుంది. తీసుకున్నది 1,124 చదరపు కిలోమీటర్లు. రేవు ఒక్కటి చాలదా, ఇంత ఇసుక ఎందుకు? తీరం నుంచి లోపలికి కుయిసెబ్ ఒడ్డున రూయిబాంక్ అనే చోటుంది, నది ఇసుకలో మంచినీళ్లు దొరికేది అక్కడ. హద్దు గీత దాన్ని కలుపుకునేలా గీశారు. నీళ్లు లేని రేవును పట్టుకుని చేసేదేమీ లేదని వాళ్లకు తెలుసు. 1884 ఆగస్టులో దీన్ని కేప్ కాలనీలో, అంటే తరువాత దక్షిణాఫ్రికాలో భాగమైన బ్రిటిష్ వలసలో, కలిపారు.

అదే నెలలో దక్షిణాన జర్మన్ జెండా ఎగిరింది. బ్రెమెన్ పొగాకు వర్తకుడు అడాల్ఫ్ లూడెరిట్జ్ తరఫున హైన్రిక్ ఫోగెల్జాంగ్ అనే యువకుడు 1883 మే 1న బెథనీ నామా జాతి నాయకుడు జోసెఫ్ ఫ్రెడెరిక్స్ దగ్గర ఆంగ్రా పెకెనా రేవు కొన్నాడు. ధర 100 పౌండ్లు, 200 తుపాకులు. ఆగస్టులో రెండో బేరం: ఆరెంజ్ నది నుంచి 26 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా, తీరం నుంచి 20 మైళ్ల వెడల్పు పట్టీ, 500 పౌండ్లు, 60 తుపాకులు.

అసలు మోసం 'మైలు'లో ఉంది. ఫ్రెడెరిక్స్‌కు తెలిసింది ఇంగ్లిష్ మైలు, 1.6 కిలోమీటర్లు. ఒప్పందంలో రాసింది జర్మన్ భౌగోళిక మైలు, 7.4 కిలోమీటర్లు. లెక్క వేయండి: తన మనసులో ఆయన అమ్మింది 32 కిలోమీటర్ల వెడల్పు ఎడారి, అది పోయినా పెద్ద నష్టం లేదు. కాగితం మీద పోయింది 148 కిలోమీటర్లు, అంటే పశువులు మేసే భూములు, నీటి చెలమలతో సహా. అనువాదంలో దొర్లిన తప్పని కొందరు సర్దిచెబుతారు. ఏ మైలో ఒప్పందంలోనే విడమరిచి రాసినప్పుడు పొరపాటు అనడానికి చోటు లేదు.

ఇంతకీ జర్మన్లకు దక్కిన ఆంగ్రా పెకెనా, అంటే నేటి లూడెరిట్జ్, కేప్ టౌన్ నుంచి ఓడల్లో మంచినీళ్లు తెప్పించుకున్న ఊరు. చుట్టూ దిబ్బలు, లోపల ఉన్న నేటి రాజధాని విండ్‌హుక్ మరీ దూరం. నడిమధ్య ఉన్న వాల్విస్ బేలో సరుకు దించితే బ్రిటిష్ గడ్డ మీద దించినట్టే. అందుకే 1892లో స్వాకోప్ నది నోటి దగ్గర కొత్త ఊరు పెట్టారు, వాల్విస్ బేకు ఉత్తరంగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. జర్మన్‌లో స్వాకోప్‌ముండ్ అంటే స్వాకోప్ నోరు. నది పేరేమో నామా భాషలో మలద్వారాన్ని సూచించే మాట నుంచి వచ్చిందంటారు. వరద వచ్చినప్పుడు ఆ గోధుమరంగు బురద సముద్రంలోకి పడే తీరు చూసి పెట్టిన పేరట.

అక్కడ తీరం తిన్నగా ఉంటుంది, ఒంపు లేదు, చాటు లేదు. ఓడ దూరంగా లంగరు వేయాలి. సరుకు పడవల్లోకి దించి, అలలు విరిగే వరస దాటించి ఒడ్డుకు చేర్చాలి. ఈ పనికి లైబీరియా తీరం నుంచి క్రూ జాతి పడవవాళ్లను తెచ్చారు. అలల మీద పడవ నడపడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. అయినా పడవలు తిరగబడేవి. బరువైన యంత్రమైతే దించే మాటే లేదు. 1896లో ఎడ్మండ్ ట్రూస్ట్ అనే సైనికాధికారి ఎడ్లబండ్లకు బదులుగా 14 టన్నుల ఆవిరి బండి తెప్పించాడు. దాన్ని స్వాకోప్‌ముండ్‌లో దించలేక వాల్విస్ బేలో దించారు. ఇసుకలో కూరుకుపోతూ, మంచినీళ్లు తాగేస్తూ ఆ ముప్పై కిలోమీటర్లు రావడానికి మూడు నెలలు పట్టింది. కొన్నాళ్లకు ఊరి బయట మొరాయించి ఆగిపోయింది. "ఇక్కడే నిలబడ్డాను, ఇంకేం చేయలేను" అన్నాడని చెప్పుకునే మత గురువు మార్టిన్ లూథర్ పేరు దానికి పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

1897లో పశువులకు రిండర్‌పెస్ట్ అనే అంటురోగం వచ్చి ఎడ్లు చచ్చాయి, బండ్లు ఆగాయి. విండ్‌హుక్‌కు 600 మిల్లీమీటర్ల గేజి రైలు వేయడం అప్పుడే మొదలుపెట్టి 1902లో ముగించారు, 382 కిలోమీటర్లు. రైలు ఉంది, రేవు లేదు. మోల్ కట్టింది ఇందుకే.

ఇంజనీరు ఓర్ట్‌లోఫ్. గోడ సముద్రంలోకి పోయి కొస దగ్గర ఉత్తరానికి వంగుతుంది. నైరుతి అలల్ని ఆపడానికి ఆ ఆకారం సరైనదే. ఆయన అలను లెక్కపెట్టాడు, ఇసుకను లెక్కపెట్టలేదు. ఒడ్డు వెంట నడిచే ఇసుకకు గోడ అడ్డుపడితే మొదట దక్షిణం వైపు మేట వేస్తుంది. అది నిండాక కొస చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది. లోపల నీరు కదలదు కాబట్టి మోసుకొచ్చిన ఇసుకంతా అక్కడే దించేస్తుంది. గోడ ఎంత బాగా అలల్ని ఆపితే అంత త్వరగా పూడుతుంది. దీనికి మందు నిత్యం పూడిక తీయడం, లేదా ఇసుక కిందుగా సాగిపోయేలా స్తంభాల మీద జెట్టీ వేయడం.

రెండో దారే పట్టారు. 1905లో సైన్యపు రైల్వే దళం 325 మీటర్ల కొయ్య జెట్టీ వేసింది. ఇసుక కిందినుంచి సాగిపోయింది, కానీ కొయ్యను తొలిచే సముద్రపు పురుగులు స్తంభాలను తినేశాయి. అప్పుడు ఇనుప జెట్టీ. 1912లో 640 మీటర్లకు పథకం వేసి మొదలుపెడితే, 1914లో యుద్ధం వచ్చి 262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. మొండిగా ఆగిన ఆ కొస దాకా ఈనాడు నడిచి వెళ్లవచ్చు, చివర్లో హోటల్ ఉంది.

ఆ కొయ్య జెట్టీకి అంత తొందరెందుకు వచ్చింది? 1904 జనవరిలో హెరెరో జాతివాళ్లు జర్మన్ల మీద తిరగబడ్డారు. జర్మనీ నుంచి వేల మంది సైనికులు, గుర్రాలు, ఫిరంగులు, అన్నీ పూడిపోతున్న ఆ గోడ దగ్గరే దిగాలి. ఆగస్టు 11న వాటర్‌బర్గ్ యుద్ధం. అక్టోబరు 2న జనరల్ ఫాన్ ట్రోథా జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం జర్మన్ సరిహద్దు లోపల కనిపించిన ప్రతి హెరెరోనూ కాల్చేయాలి. నీళ్లు లేని ఒమాహెకె ఎడారిలోకి జనాన్ని తరిమి, నీటి గుంటల దగ్గర కాపలా పెట్టారు. చరిత్రకారులు ఎక్కువగా చెప్పే అంచనా: 80,000 మంది హెరెరోల్లో 65,000 దాకా, 20,000 మంది నామాల్లో సగం చనిపోయారు. మిగిలినవాళ్లను శిబిరాలకు తోలి, స్వాకోప్‌ముండ్‌లో ఓడల సరుకు మోయించారు, లూడెరిట్జ్‌లో రేవు పనులు, రైలు పనులు చేయించారు. లూడెరిట్జ్ శిబిరం షార్క్ ఐలాండ్ మీద ఉండేది. చలిగాలికి చాటు లేని బండ, తెచ్చినవాళ్లలో చాలామంది తిరిగి పోలేదు. 1907లో అక్కడ చనిపోయిన నామా నాయకుడు కొర్నేలియస్ ఫ్రెడెరిక్స్‌ది కూడా మైళ్ల లెక్కలో భూమి పోగొట్టుకున్న ఆ బెథనీ జాతే. ఇప్పుడు షార్క్ ఐలాండ్ పర్యాటకులు గుడారాలు వేసుకునే స్థలం. హెరెరోల, నామాల ఈ చావులను జాతిహత్యగా జర్మనీ 2021లో ఒప్పుకుని, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తానంది. తమతో మాట్లాడకుండా చేసిన ఒప్పందమని హెరెరో, నామా సంఘాలు చాలా వరకు తోసిపుచ్చాయి.

1908 ఏప్రిల్‌లో లూడెరిట్జ్ రైలు దారి మీద ఇసుక ఎత్తిపోస్తున్న జకారియాస్ లెవాలాకు మెరిసే రాయి దొరికింది. అంతకుముందు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసినవాడు కాబట్టి చూడగానే పోల్చుకున్నాడు, పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కు ఇచ్చాడు. స్టౌఖ్ కోటీశ్వరుడయ్యాడు, లెవాలాకు ఏమీ దక్కలేదు. ఆ వజ్రాలు కూడా ఆరెంజ్ నది మోసుకొచ్చినవే, అలలు ఉత్తరానికి నెట్టినవే. అందుకే నది నోటి దగ్గర రాళ్లు పెద్దవి, ఉత్తరానికి పోయేకొద్దీ చిన్నవి. మోల్‌ను పూడ్చిన ఆ ఇసుక నడకే ఇక్కడ నిధిని పరిచింది. సెప్టెంబరులో ప్రభుత్వం ఆరెంజ్ నది నుంచి 26 డిగ్రీల దాకా, లోపలికి 100 కిలోమీటర్లు నిషిద్ధ ప్రాంతం చేసింది. ఆ 26 డిగ్రీల గీత ఎక్కడిదో గుర్తొచ్చే ఉంటుంది.

1915 జులైలో జర్మన్లు దక్షిణాఫ్రికా సైన్యానికి లొంగిపోయారు. వాల్విస్ బే, మిగతా దేశం రెండూ ఒకే చేతిలోకి రావడంతో స్వాకోప్‌ముండ్ రేవు అవసరమే తీరిపోయింది. 1927లో వాల్విస్ బేలో కొత్త రేవు తెరిచారు. 1922 నుంచి రెండింటినీ కలిపే పాలించిన దక్షిణాఫ్రికా, నమీబియా స్వాతంత్ర్యం ఖాయమనిపించగానే 1977లో వాల్విస్ బేను తిరిగి కేప్ ప్రావిన్స్‌లోకి లాక్కుంది. 1878 నాటి కాగితం చూపించింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 432వ తీర్మానంలో అది నమీబియాలో కలవాలంది. 1990 మార్చి 21న దేశం స్వతంత్రమైనా, ఉన్న ఒక్క లోతైన రేవు పరాయిదే. వాల్విస్ బే, ఆ 12 దీవులు తమవేనని కొత్త రాజ్యాంగం మొదటి ఆర్టికల్‌లోనే రాసుకున్నారు. 1994 ఫిబ్రవరి 28 అర్ధరాత్రి అవి చేతికొచ్చాయి, రోస్ట్ బీఫ్‌తో సహా.

వాల్విస్ బేలోనూ పూడిక తీస్తూనే ఉండాలి. 2019లో అక్కడ కొత్త కంటైనర్ టెర్మినల్ తెరిచారు. సముద్రం పూడ్చి తీసిన 40 హెక్టార్ల నేల మీద ఉంది అది. పూడ్చడానికి వాడింది ఆ రేవు అడుగు నుంచి తవ్వి తీసిన ఇసుకే.