ఇరుక్కుపోయిన ఖాళీ షెల్

ఈ రోజు షూటింగ్ రేంజ్‌లో నా రైఫిల్‌తో మళ్లీ అదే తంతు. పేల్చాక ఖాళీ షెల్, అంటే తూటా తొడుగు, పూర్తిగా బయటపడకుండా బోల్ట్ (తూటా వెనక మూసుకునే, ముందుకీ వెనక్కీ కదిలే భాగం) ముందు నిలువుగా ఇరుక్కుంటోంది. స్టవ్‌పైప్ అంటారే, అదే. పక్కనున్న మిత్రుడు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) మార్చమన్నాడు. ఇంకో పెద్దాయన తూటాలదే తప్పన్నారు. నాకు మాత్రం ముందు రైఫిల్‌నే చూడాలనిపించింది.

మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, వేలితో తడిమాకే మిగతా పని. ఎంత తొందరలో ఉన్నా ఈ వరుస తప్పకూడదు.

షెల్ అంచు పట్టుకుని ఛాంబర్‌లోంచి లాగేది ఎక్స్‌ట్రాక్టర్. అలా వచ్చినదాన్ని పక్కకి కొట్టి బయటికి పంపేది ఎజెక్టర్. షెల్ ఛాంబర్‌లోనే ఉండిపోతే ముందు ఎక్స్‌ట్రాక్టర్‌నీ ఛాంబర్ మురికినీ అనుమానించాలి. నాది బయటికి వచ్చి దారిలో ఆగింది. అంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లి ఉండకపోవచ్చు, లేదా ఎజెక్టర్ తగిలేలోపే ఎక్స్‌ట్రాక్టర్ పట్టు వదిలేసి ఉండొచ్చు.

నాది .22 అనే చిన్న సైజు తూటాలు వాడే బ్లోబ్యాక్ రైఫిల్. దీనికి బోల్ట్‌ని నడపడానికి వేరే గ్యాస్ సిస్టమ్ ఉండదు, షెల్ వెనక్కి తన్నే బలంతోనే బోల్ట్ కదులుతుంది. అందుకే తన్ను తక్కువగా ఉండే సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే) తూటాలతో కొన్ని రైఫిళ్లు మొరాయిస్తాయి. నేను వాడుతున్నవి ఎక్కువ వేగంతో వెళ్లే హై వెలాసిటీ తూటాలు, కాబట్టి ఆ అనుమానాన్ని పక్కన పెట్టాను.

సాయంత్రం బోల్ట్ విప్పి టార్చ్ వేసి చూశాను. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద నల్లగా, జిగటగా ముద్ద. .22 బుల్లెట్ల పైపూత, సీసం, మసి కలిసి గట్టిపడితే ఇలాగే ఉంటుంది. పుల్లతో గీకుతుంటే పొరలు పొరలుగా ఊడింది. అంతకుముందు వేలితో నెడితే బద్ధకంగా కదిలిన కొక్కెం ఇప్పుడు టక్కున వెనక్కి వస్తోంది. ఒక ఖాళీ షెల్‌ని దాని కింద పెట్టి బోల్ట్‌ని అటూ ఇటూ ఊపాను. జారలేదు! ఎంత సంతోషమేసిందో.

ఛాంబర్‌ని కూడా బ్రష్‌తో తోమి, పొడి గుడ్డతో తుడిచాను. ఇలాంటప్పుడు నూనె కాస్త ఎక్కువ పట్టిస్తే సరిపోతుందనే సలహా నాకు అస్సలు నచ్చదు. కాలని పౌడరంతా ఆ తడికే అంటుకుంటుంది.

ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ మీద ఇంకా కొంచెం అనుమానం ఉంది. రేపు అవే తూటాలు, అదే మ్యాగజైన్‌తో కాల్చి చూస్తాను. మళ్లీ ఇరుక్కుంటే స్ప్రింగ్ మార్చేస్తాను.